తొమ్మిదో జతలో ఒకటి

మనుషుల్ని కత్తెరతో కత్తిరించి అట్టమీద అంటించడం నా ఉద్యోగం. చుట్టాలెవరైనా అడిగితే మాత్రం "రక్తపరీక్షల ల్యాబులో చేస్తున్నా" అని చెప్పేదాన్ని.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీకు కంప్యూటరే క్రోమోజోముల్ని వరసగా నిలబెట్టి చూపిస్తుంది. నేను చేరిన డెబ్బైల మొదట్లో ఆ సదుపాయం లేదు. రక్తంలోని కణాల్ని గొట్టంలో మూడు రోజులు పెంచేవాళ్ళం. కణం రెండుగా చీలబోయే సమయానికి దాన్ని ఆపి, గాజుపలక మీద చుక్కగా వదిలి, రంగు వేసి, మైక్రోస్కోపులోంచి ఫోటో తీసేవాళ్ళం. డార్క్ రూములో కాగితాన్ని కడుగుతుంటే తెల్లటి దాంట్లోంచి నలభై ఆరు నల్లటి పురుగులు మెల్లగా పైకి తేలేవి. వాటిని ఒక్కొక్కటే కత్తిరించి, పొడుగునీ ఒంటిమీది అడ్డచారల్నీ బట్టి జతలు కూర్చి, జిగురు పెట్టి అంటిస్తే, అదొక మనిషి. తుమ్మితే మనిషి చెల్లాచెదురైపోయేవాడు. అందుకని మా ల్యాబులో జలుబుకి సెలవు తేలిగ్గా దొరికేది. మిగతా కారణాలకి దొరికేది కాదు.

ల్యాబు విశాఖపట్నంలో. మాది నర్సీపట్నం. నెలకో శనివారం మా ఊరొచ్చి, ఒక డాక్టరుగారి నర్సింగ్ హోమ్ వెనకగదిలో కూర్చునేదాన్ని. కడుపు నిలవనివాళ్ళూ, పుట్టిన పిల్లలు ఎదగనివాళ్ళూ వచ్చేవారు. వాళ్ళ రక్తం తీసుకుని, ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య పెట్టుకుని తిరుగు బస్సెక్కేదాన్ని. "కాఫీయా అమ్మా?" అనేవారు పక్కసీటువాళ్ళు. ఔననేదాన్ని. కొంచెం పొయ్యమని ఎవరూ అడగకపోవడం ఇద్దరి అదృష్టం.

మొదట అలవాటు కావలసింది

ఒక శనివారం నాతవరం వైపు నుంచి పదకొండు రోజుల పాపని తెచ్చారు. పాలు తాగదు, మెడ వెనక చర్మం మడతలు పడి ఉంది. రెండు చుక్కల రక్తం దొరకడమే గగనమైంది. ఆదివారం పొద్దున్నే గొట్టంలో వేశాను. బుధవారం స్లైడు చేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆ నెలలో అంత చక్కటి స్లైడు రాలేదు. ఎటు చూసినా విచ్చుకున్న కణాలే.

అదే రోజు మధ్యాహ్నం టపాలో డాక్టరుగారి కార్డు వచ్చింది. పాప శనివారమే, ఇల్లు చేరకముందే, తల్లి ఒళ్ళో పోయింది.

పాపని మట్టి చేసి నాలుగు రోజులు. అందులో మూడు రోజులు పాప మా ఇంక్యుబేటరులో, శరీరపు వెచ్చదనంలో, పెరుగుతూనే ఉంది. బయట ఉన్నప్పటికంటే బాగా పెరిగింది.

రిపోర్టు పంపాలా అని అడిగాను మా ప్రొఫెసరుగారిని. "పంపకపోతే తల్లి తన పాలదే తప్పనుకుంటుంది. పంపు" అన్నారు. పంపాను. మిగిలిన గొట్టాన్ని సింకులో పొయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టాను. అది అక్కడ ఎన్నేళ్ళుందో చెప్పను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి జీతం ఎంతో చెబుతారు, ఇది చెప్పరు. మీ దగ్గరికొచ్చే గొట్టానికీ, అది ఇచ్చిన మనిషికీ మధ్య తీగ ఎప్పుడు తెగిపోయిందో మీకు తెలియదు.

ప్రొఫెసరుగారు

ఆయన దగ్గర నేర్చుకున్నది ఒక్క వాక్యం: "చూసింది రాయి, అనుకున్నది రాయకు." దాన్ని మించిన పాఠం ఈ వృత్తిలో లేదు. దాన్ని ఎవరికి వారు ఎంతకాలం పాటించగలరన్నది వేరే సంగతి. ఆయన విషయంలో, పత్రికకి పంపడానికి వ్యాసం తక్కువైనప్పుడు ఆ వాక్యానికి కాస్త విశ్రాంతి దొరికేది.

చెడ్డ మనిషి కారు. నన్ను ఆడదాన్నని తక్కువ చూడలేదు. అందరినీ సమానంగానే తక్కువ చూసేవారు.

నూకరత్నం

డెబ్బైల చివర్లో, మా ఊరి పక్క బలిఘట్టం నుంచి ముగ్గురొచ్చారు. నూకరత్నం, ఆమె భర్త అప్పారావు మాస్టారు, అత్తగారు సన్యాసమ్మ. నాలుగుసార్లు కడుపొచ్చి నాలుగుసార్లూ మూడో నెలలోనే పోయింది. నూకరత్నానికి ఇరవై రెండేళ్ళుంటాయి. సూది చూసి మొహం తిప్పుకుంటే మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్న ఆ చేతిలోంచి కూడా రక్తం తియ్యాలని నాకు తట్టలేదు.

ఇప్పుడు మీకది బుద్ధిలేని పనిగా కనిపిస్తుంది. బుద్ధిలేని పనే. పిల్లలు నిలవకపోతే ఆడమనిషి లోపల వెతకడం మాకు అలవాటు. నేను చదువుకున్నదాన్ని, ఆడదాన్ని. నేనూ అక్కడే వెతికాను.

వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. తొమ్మిదో జతలో ఒకటి తేడాగా ఉంది. మొదట నేనే తిరగేసి అంటించాననుకున్నాను. అలాంటి ఘనకార్యం అంతకుముందు ఒకసారి చేశాను. జిగురు ఊడదీసి మళ్ళీ చూశాను. ఇంకో పది కణాలు చూశాను. ప్రతి కణంలోనూ అంతే. ఆ క్రోమోజోము నడుం దగ్గర రెండుచోట్ల తెగి, మధ్యముక్క తిరగబడి, మళ్ళీ అతుక్కుంది. ఏదీ పోలేదు, ఏదీ ఎక్కువ రాలేదు. ఉన్నదే తిరగబడి ఉంది.

ప్రొఫెసరుగారు రిపోర్టు చెప్పి రాయించారు. చివరి వాక్యం, "గర్భములు నిలువకపోవుటకు ఇదియే కారణము."

"సార్, ఇది మనం చూశామా, అనుకున్నామా?"

"రెండూ కలిసినప్పుడు దాన్ని నిర్ణయం అంటారు. రాయి."

రాశాను.

తరవాతి నెల శనివారం ఆ ముగ్గురికీ చెప్పాను. సులువుగా అర్థమవ్వాలని, "మనిషిలో ఇరవై మూడు జతలుంటాయమ్మా, మీ కోడలికి తొమ్మిదో జతలో ఒకటి తలకిందులైంది" అన్నాను. బొమ్మ కావాలన్నారు. అట్టమీద దానికి ఎర్రపెన్సిలుతో బాణం గుర్తు వేసి ఇచ్చాను. చక్కగా వచ్చింది బాణం.

మేకుకి వేలాడిన అట్ట

వ్యాసం కోసం రెండోసారి రక్తం కావాలన్నారు ప్రొఫెసరుగారు. ఆరు నెలల తరవాత నేనే బలిఘట్టం వెళ్ళాను.

వీధిగదిలో కేలెండరుకీ అద్దానికీ మధ్య మా అట్ట మేకుకి వేలాడుతోంది. తలకిందులుగా.

"అట్ట తిరగబడినట్టుందండీ" అన్నాను సన్యాసమ్మగారితో.

"తిరగబళ్ళేదమ్మా. నానే తిరగేసినాను. ఆ ఒక్కటీ తలకిందులని నువ్వే కదేటి సెప్పినావు? ఇప్పుడు సూడు, తిన్నగా నిలబడింది."

నిజమే, అది నిలబడింది. మిగిలిన నలభై అయిదూ శీర్షాసనంలో ఉన్నాయి. ఆ మాట పైకి అనలేదు.

రక్తం తియ్యడానికి లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. పక్కలు ఇంకా ఎత్తలేదు. రెండు దిండ్లు దక్షిణం గోడవైపున్నాయి. మూడోది ఒక్కటీ ఉత్తరం గోడకి ఆనించి ఉంది.

"అటు తలపెట్టి ఎవరు పడుకుంటారు?" అన్నాను.

"నేనేనండి" అంది నూకరత్నం.

ఉత్తరానికి తలపెట్టి పడుకోకూడదని మాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నా మొహం చూసి సన్యాసమ్మగారే చెప్పింది. "ఉత్తరం తల సావుకంటారు, నాకు తెల్దేటి? ఆ లోపలున్నది సావాలనే కదా. దోసానికి దోసమే మందు."

ఆవిడ నీళ్ళు తేవడానికి వెళ్ళాక నూకరత్నం గొంతు తగ్గించింది. "పక్కకి తిరిగి పడుకుంటే అదీ తిరుగుతున్నట్టు తెలస్తాదండి. నేను ఆగిపోయినాక కూడా కాసేపు తిరుగుతాది."

ఆమె లోపల తిరుగుతున్నది నేను ఎర్రపెన్సిలుతో పెట్టినదే.

వచ్చేటప్పుడు సన్యాసమ్మగారు గుమ్మం దాకా వచ్చింది. "వొచ్చే శ్రావణం దాకా సూస్తామమ్మా. అప్పటికీ సరవ్వకపోతే మా తమ్ముడి కూతుర్ని మావోడికి సేసుకుంటాం. దీన్ని ఆల్లమ్మకాడికి అంపేస్తాం. కాయితం ఉంది కదా, ఎవులూ మమ్మల్ని తప్పుపట్టరు."

నేను ఫ్లాస్కు పట్టుకుని బస్సెక్కాను. ఆ పూట నేను చేసిన పని అంతే.

నార్మల్

ప్రతివారం మా ల్యాబులో రోగుల గొట్టాలతోపాటు ఒక మంచి మనిషి రక్తం కూడా పెంచేవాళ్ళం. మందులూ, వేడీ సరిగ్గా ఉన్నాయో లేదో తెలియడానికి. ఆ మంచి మనిషిని నేనే. నాలుగడుగుల దూరంలో ఉంటాను, అడిగితే కాదనను. ఏడేళ్ళుగా నా గొట్టం మీద "నార్మల్" అని రాసి ఉండేది. అందులో కణాలు పెరిగాయా లేదా అని చూసేవాళ్ళమే తప్ప, వాటిని కత్తిరించి జతలు కూర్చినవాళ్ళు లేరు. నార్మల్ అని రాసి ఉంది కదా.

వ్యాసంలో నూకరత్నం బొమ్మ పక్కన ఒక నార్మల్ బొమ్మ కావలసివచ్చింది. నా స్లైడు తీసి, ఫోటో కడిగి, కత్తిరించాను. తొమ్మిదో జత దగ్గరికొచ్చేసరికి కత్తెర ఆగిపోయింది.

నూకరత్నం నా గొట్టంలోకి వచ్చేసిందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. రక్తాలు కలిసిపోయాయి అనే మాట తరవాత వచ్చింది. కొత్తగా రక్తం తీసుకుని, వేరే గదిలో, వేరే గొట్టంలో వేశాను. నాలుగో రోజున డార్క్ రూములో ఎర్రబల్బు కింద కాగితం నీళ్ళలో ఊపుతుంటే, అది మళ్ళీ తేలింది. అదే నడుం, అదే తిరగబడ్డ ముక్క. అద్దంలో ఇంకొకరి మొహం కనిపిస్తే ఎలా ఉంటుందో నేను చెప్పగలను.

ప్రొఫెసరుగారు ఆ ఫోటోని తిప్పితిప్పి చూశారు. తరవాత, అంతకుముందెప్పుడూ వాడని మెత్తటి గొంతుతో అడిగారు. "నీ పిల్లలు ముగ్గురూ బాగున్నారా?"

బాగానే ఉన్నారు సార్ అన్నాను. ఇంటికెళ్ళి చూశాను. పెద్దవాడు గోళ్ళు కొరుకుతున్నాడు. రెండోది ఎందుకో గోడవైపు చూస్తోంది. మూడోవాడు వయసుకి మించి నిశ్శబ్దంగా ఉన్నాడు. పదిహేను రోజులు ముగ్గుర్నీ అలా చూస్తూనే ఉన్నాను. ఒక్క మెత్తటి ప్రశ్న చేసిన పని అది. బలిఘట్టంలో వాళ్ళకి నేను ఏకంగా అట్టే ఇచ్చాను.

తరవాత బుద్ధి తెచ్చుకుని మా అమ్మ రక్తం చూశాను. ఎనిమిదిమందిని కని ఎనిమిదిమందినీ పెంచిన మనిషి. ఆవిడలోనూ అదే ఉంది. అప్పుడు లైబ్రరీలో కూర్చుని, ఓడల మీద నెలలు ప్రయాణం చేసొచ్చే పత్రికలన్నీ తిరగేశాను. తొమ్మిదో జతలో అలా తిరగబడడం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా కనిపిస్తోందని అప్పటికే రాస్తున్నారు. ముక్కు కొంచెం వంకరగా ఉండడంలాంటిది. కనిపించడం నిజం, కారణం కావడం మా కల్పన.

రిపోర్టు వెనక్కి తీసుకుందామన్నాను.

"ఒకటి వెనక్కి తీసుకుంటే రేపు మన రిపోర్టులు ఎవరు నమ్ముతారు?"

"కొన్ని నమ్మకపోతేనే మంచిదేమో సార్."

ఆయన నాతో రెండు వారాలు మాట్లాడలేదు. ఆ ల్యాబులో నేను ప్రశాంతంగా పనిచేసిన రెండు వారాలు అవే. వ్యాసం ఆగలేదు. నార్మల్ బొమ్మకి మా అటెండరు రక్తం తీసుకున్నారు.

రెండు అట్టలు

శ్రావణానికి ఇంకా ఇరవై రోజులున్నాయి. నా అట్ట నేనే అంటించుకుని, తెల్లకాగితం మీద నా సంతకంతో నాలుగు వాక్యాలు రాసుకుని, బలిఘట్టం వెళ్ళాను. మాస్టారు బడినుంచి వచ్చేదాకా ఆగి, ముగ్గురి ముందూ రెండు అట్టలూ పక్కపక్కన పెట్టాను.

"ఇదెవులిది?" అంది సన్యాసమ్మగారు.

"నాదేనండి."

ఆవిడ రెండింటినీ మార్చిమార్చి చూసింది. చదువు రాదు గాని, చూపు మా ప్రొఫెసరుగారికంటే మెరుగు. బాణం లేకుండానే వేలు సరిగ్గా దానిమీదే పెట్టింది. "నీకెంతమంది పిల్లలు?"

"ముగ్గురు."

"మరి నువ్వూ తలకిందులుగా తొంగున్నావేటి?"

"లేదండి. అదేం దోషం కాదు. నేను రాసిచ్చింది తప్పు. కారణం ఇంకెక్కడో ఉంది. మాస్టారి రక్తం కూడా చూడాలి."

"నాదెందుకండీ?" అన్నారు మాస్టారు. "నేను బాగానే ఉన్నాను కదా."

"నేనూ బాగానే ఉన్నానండి" అన్నాను నా అట్ట చూపించి.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. సన్యాసమ్మగారే కదిలింది. "సెయ్యి సాపరా. సూది గుచ్చితే సచ్చిపోతావేటి? దానికి గుచ్చినప్పుడు పట్టుకున్నావు కదా."

పదిరోజుల తరవాత మాస్టార్ని బడిలోనే కలిసి చెప్పాను. ఈసారి అట్ట తీసుకెళ్ళలేదు, తలకిందులు అనే మాట వాడలేదు. "రెండు పుస్తకాలు బైండింగుకిచ్చారనుకోండి. బైండరు ఒకదాని చివరి పేజీలు ఇంకోదానికి కుట్టేశాడు. రెండూ మీ దగ్గరున్నంతకాలం ఏ పాఠమూ పోలేదు. అందుకే మీరు బాగున్నారు. కాని బిడ్డకి మీరిచ్చేది ఒక్కొక్క జతలో ఒక్కొక్కటే. ఒక్కోసారి పేజీలు తక్కువవుతాయి. అలాంటి కడుపు నిలవదు. ఒక్కోసారి సరిగ్గానే వెళ్తాయి. అప్పుడు బిడ్డ నిలుస్తుంది."

ఆయన నల్లబల్లమీద పిల్లలు రాసిన ఎక్కం తుడవడం మొదలుపెట్టారు. తుడుస్తూనే, "ఇది గోడకి పెట్టక్కర్లేదు కదండీ?" అన్నారు.

"అక్కర్లేదు. ఆవిడదీ అక్కర్లేదు."

నేను చెప్పినదాన్ని ఆయన ఇల్లు చేరేలోపు సగం చేశారు. "ఇద్దరికీ కొంచెం కొంచెం తేడా ఉందట" అని తల్లితో చెప్పారని ఆ సాయంత్రం వెళ్తే తెలిసింది. మిగిలిన సగం నేను చెప్పాను. సన్యాసమ్మగారు చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. చివరికి, "ఆడి బాబుదై ఉంటాది" అంది, పోయిన భర్తని ఉద్దేశించి. అయి ఉండవచ్చు కూడా. లేచి మేకునుంచి అట్ట దింపింది. తేడా మాస్టారిలో ఉందన్న మాట ఆవిడ తమ్ముడికి తెలిసి అతనే వెనక్కి తగ్గాడు. శ్రావణంలో ఆ ఇంట్లో పెళ్ళి జరగలేదు.

వస్తుంటే నూకరత్నం వీధి చివరిదాకా వచ్చింది. "గోడమీంచి తీసేసినారు. నాలోంచి ఎలా తీస్తారండీ?"

"అది నాలోనూ ఉంది కదమ్మా."

"మీలో ఉన్నట్టు మీకు తెలస్తాదాండి? తిరిగి పడుకున్నప్పుడు?"

తెలియదన్నాను. తెలిసి తెలిసి ఒక రోగికి ఉన్నది ఉన్నట్టు చెప్పకపోవడం ఆ ఒక్కసారే.

చివరి గొట్టం

మళ్ళీ ఆ గుమ్మం ఎక్కేసరికి ఎనభైలు నడుస్తున్నాయి. నూకరత్నానికి మూడేళ్ళ ఆడపిల్ల. ఆ పిల్ల ఉత్తరం దిండు వల్లే నిలిచిందని సన్యాసమ్మగారు ఊరంతా చెప్పింది. బలిఘట్టంలో ఇంకో రెండిళ్ళలో దిండ్లు దిక్కు మారాయని విన్నాను. నా వృత్తిలో నా మాటని ఆచరణలో పెట్టినవాళ్ళు అంతమంది ఎప్పుడూ లేరు.

నా సంచిలో ఒక ఖాళీ గొట్టం ఉంది. తండ్రి పుస్తకాల తప్పు బైండింగు పిల్లకి వచ్చిందో లేదో చూడాలని నా కోరిక. పిల్లకి దాంతో ఇప్పట్లో ఏ ఉపయోగమూ లేదు. తెలుసుకోవాలని నాకుంది, అంతే. ఆ కోరిక మీకూ కలుగుతుంది. కలిగినప్పుడు అది ఎవరి కోసమో మిమ్మల్ని మీరే ఒకసారి అడగండి.

"రెండు చుక్కలు చాలమ్మా" అన్నాను.

నూకరత్నం గొట్టం వైపు చూసింది. మొహం తిప్పుకోలేదు ఈసారి.

"వద్దండీ. మీరు సూస్తారు. సూస్తే మీకు ఏదో ఒకటి కనపడతాది. మళ్ళీ కాయితం ఇస్తారు."

గొట్టం సంచిలో పెట్టేశాను. పిల్ల లోపలి గదిలో పడుకుని ఉంది. అటు చూడకుండా వచ్చేద్దామనుకున్నాను. కాని చూడడమే నా పని.

దక్షిణం గోడవైపు రెండు దిండ్లు. ఉత్తరం వైపు రెండు. అందులో చిన్నది కొత్తది. దానిమీద ఎర్రదారంతో పువ్వులు కుట్టి ఉన్నాయి. పిల్ల ఒత్తిగిలి పడుకుంది. నేను చూస్తుండగానే ఇటు నుంచి అటు తిరిగి, ఆగిపోయింది. గుమ్మంలో నూకరత్నం మాత్రం, లోపలిది కూడా ఆగేదాకా అన్నట్టు, ఇంకా కాసేపు చూస్తూనే ఉంది.